నారుమడి వంటి నగరము

ఒక ఊరి మైదానమున పెరిగిన ఫార్వర్డు, కాలికి ఒడుపు చిక్కి, గోలు కొట్టుట ఊపిరి తీసినంత సహజమైన నాడే, పెద్ద క్లబ్బు పిలుపందుకొని రైలెక్కిపోవును. గట్టున నిలిచి గొంతు చించుకొన్న అభిమానికి మరునాటినుండి పత్రికలోని రెండు పంక్తుల వార్తయే మిగులును. హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్రను తిరుగవేయుట యనగా ఈ వియోగమును పలుమారు చదువుటయే.

1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆనాడు దేశమున మేటి. ఆటగానికి అది చూపగలిగినది పోలీసు కొలువు, నెలజీతము. దాని అసలు బలము సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా జీవితము నారంభించిన యీ శిక్షకుడు, కుర్రవాండ్రు తమకు వాటముగాని కాలితోనే బంతిని తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టించి, రెండు కాళ్ల ఆటగాండ్రను తయారుచేసెను.

కలకత్తాలో నున్నవి మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగు అను పెద్ద క్లబ్బులు. ధనమును, వేలజనమును, కీర్తియు నచ్చటనే. ఈస్ట్ బెంగాల్ ‘పంచపాండవులు’గా పేరొందిన వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్‌ఖాన్, సాలేలలో బెంగాలున బుట్టినవా డొక్కడును లేడన్న, ఆ నగరము తన మైదానమునకు ఎంత దూరమునుండి నీరు తోడుకొన్నదో తెలియగలదు.

సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో, పేదయింట 1936లో బుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదుకు అంతదూరము వచ్చి సాధన చేయుటకు దారిఖర్చు లేదని చెప్పగా, రహీం సైకిలు అద్దెకు రూపాయి చేతబెట్టి రప్పించెనట. ఆ రూపాయి పంట ఎవరింటికి చేరినది? 1957లో బలరాం ఈస్ట్ బెంగాల్‌లో చేరెను. 1961లో దానికి నాయకుడై కలకత్తా లీగును గెలిపించెను. అయినను మా వంటివారికి ఆనాడు కన్నీరు పెట్టు తీరిక లేకపోయెను. ఏలయన, బలరాం వెడలిన 1957లోనే, ఆ ఈస్ట్ బెంగాల్‌నే ఓడించి మన పోలీసులు డ్యూరాండ్ కప్పును ఎత్తుకొని వచ్చిరి. 1961లో, ఆంధ్రా పోలీసు అను పేరుతో, మోహన్ బగాన్‌ను ఓడించి మరల దానిని గెలిచిరి.

1963 జూన్‌లో రహీం కన్నుమూసెను. ఆయన వేసిన నారే కాబోలు, 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు ఫైనలులో బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆ వెంటనే, 1966లో, మన హైదరాబాదు ఆటగాండ్రగు హబీబ్, నయీముద్దీన్ ఇరువురును ఈస్ట్ బెంగాల్‌కు తరలిరి. 1977లో ఈడెన్ గార్డెన్సున పీలే ఆడిన కాస్మోస్ జట్టుపై మోహన్ బగాన్ పక్షమున గోలు కొట్టిన హబీబును తలచి, మావాడని ఛాతీ విరుచుకొంటిమి. కాని ఆ సంతోష్ ట్రోఫీ మరల మన గడప తొక్కలేదు.

వలసపోయిన ఫార్వర్డులను నిందించుట న్యాయము గాదు. నారుమడినుండి మొక్క పొలమునకు పోవలసినదే. బలరాం పోయిన యేట గెలిచిన ఊరు, హబీబు పోయిన తరువాత సంతోష్ ట్రోఫీని మరల ఏల గెలువలేదో యోచించినచో, నష్టము రైలెక్కిన వానితో రాలేదనియు, సైకిలు అద్దెకు రూపాయి చేతబెట్టు మనిషి లేకపోవుటతో వచ్చినదనియు తోచును.