ఆరిన లైటు

బాలాపూర్. సాయంత్రం ఆరున్నర. షెడ్డు రేకుల మీద వాన దంచుతోంది. శంషాబాద్‌లో దిగబోయే విమానం నెత్తిమీదుగా పోతుంటే గోడకు వేలాడే పానాలు సన్నగా అదిరాయి. లోపల ఓ కుర్రాడి 2008 మోడల్ హోండా సివిక్. తెల్లారితే ఇంటిల్లిపాదీ అందులోనే శ్రీశైలం పోవాలి. హారన్ ఒక్కటే మోగట్లేదు.

ఉస్తాద్ బ్యాటరీ వైరు పీకాడు. కాసేపు ఆగాడు. స్టీరింగ్ మధ్య మూత ఊడదీసి, ఫోన్ లైటు లోపలికి కొట్టాడు. చెయ్యి ఆగిపోయింది.

"బేటా, ఎయిర్‌బ్యాగు ఏది?"

కుర్రాడు నవ్వబోయాడు. "ఉంటది ఉస్తాద్. జపాన్ స్టీరింగ్. మూత మీద రాసే ఉంది గదా."

మూత మీద అక్షరాలున్నాయి. లోపల ఖాళీ.

జపాన్‌లోనూ మనలాగే ఎడమవైపే నడుపుతారు, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది, అందుకే అక్కడ తుక్కు కింద పోయిన కార్ల సీట్లూ స్టీరింగులూ మీటర్లూ ఓడలెక్కి, చేతులు మారి, మన కుర్రాళ్ల పాత కార్లలో కొత్త పెళ్లికొడుకుల్లా వచ్చి కూర్చుంటాయి. చూడ్డానికి బాగుంటాయి. ఈ కారూ బాగుంది.

"మరి ఎయిర్‌బ్యాగ్ లైటు ఎలగాలె గదా? ఎలగట్లే!"

ఉస్తాద్ మాట్లాడలేదు. టేపు చుట్టిన వైర్లు బయటికి లాగాడు. టేపు విప్పాడు. రెండు కొసల మధ్య చిన్న రెసిస్టర్.

తాళం తిప్పిన ప్రతిసారీ కంట్రోల్ బాక్స్ ఆ వైర్లలో నిరోధం కొలుస్తుంది. లెక్క సరిపోతే లైటు ఆర్పేస్తుంది. ఎవరో లెక్క సరిపెట్టారు. గుద్దుకున్నప్పుడు సెకనులో 20వ వంతు లోపే ఉబ్బి ఛాతీకి అడ్డం పడాల్సిన సంచి లేదు, అది లేదని చెప్పే నోరు కూడా నొక్కేశారు. ఇది పనితనం కాదు, దగా.

"పోలీసులు పట్టుకుంటరా?" కుర్రాడి గొంతు తగ్గింది.

కంపెనీ ఇచ్చిన తీరు మార్చి బండి నడపడం కుదరదని 2019 జనవరిలోనే సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఉస్తాద్ చూపు చలాన్ మీద లేదు. సీటు కిందికి వంగాడు.

"ఇదీ జపాన్‌దేనా?"

"ఆఁ."

పసుపు కనెక్టర్ ఒకటి గాల్లో వేలాడుతోంది. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉంది. దాన్ని పేల్చే తీగే ఈ కారులో లేదు. ఉస్తాద్ పట్టాల వెంట వేలు పోనిచ్చాడు. ముందు రెండు బోల్టులు గట్టిగానే ఉన్నాయి. వెనక ఒకటి ఉంది. నాలుగోది లేదు. రంధ్రం కుదరక సాగదీసి వదిలేశారు.

సీటు పట్టుకుని ఊపాడు. కిర్రుమంది.

"బెల్టు పెట్టుకుంటవా?"

"రోజూ పెట్టుకుంట."

"బకిల్ ఈ సీటుకే బిగించి ఉంది. బండి గుద్దితే బకిల్ గుంజుడంతా ఈ మూడు బోల్టుల మీదనే పడ్తది."

కుర్రాడు చెమట తుడుచుకున్నాడు. "పాత స్టీరింగ్ అమ్మేసిన. స్క్రాప్‌ల ఎయిర్‌బ్యాగు దొరకదా?"

"దొరుకుతది. పేలిందో, తడిసిందో ఎవనికెరుక? నేను పెట్టను. కొత్తది ఆర్డర్ పెట్టు. వచ్చినంక బిగిస్త. అప్పటిదాకా బండి ఈడనే."

కుర్రాడు ఫోన్ తీశాడు. "అమ్మా, కారు రాదు. పొద్దున ఎంజీబీఎస్ పోయి బస్సెక్కుదాం. నాలుగింటికే లేపు."