గవాచి వెలుగులో పాత సామాను

1839 ఆగస్టు 19న ఫొటో తీసే డాగేర్ విధానాన్ని పారిస్‌లో లోకానికి వెల్లడించారు. అదే ఏడు అక్టోబరులో కంపెనీ సైన్యం కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించింది. నంద్యాల, సిరివెళ్ల తాలూకాలు ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోకి వచ్చాయి. ఫొటో తీసే కెమెరా లోకానికి తెలియడం, మా నంద్యాల సీమ చేతులు మారడం ఒకే ఏట జరిగాయి. నూట ఎనభై ఏళ్లు దాటాక వెనక్కి తిరిగి చూస్తే ఆ కెమెరా ఇక్కడ గుళ్లను చూసింది, దొరలను చూసింది, కరువునూ చూసింది. వంటింట్లోకి మాత్రం తొంగి చూడలేదు.

ఫొటోగ్రఫీకి ఇంటి సామానంటే మొదట్లో చిన్నచూపేమీ లేదు. ఇంగ్లండులో తొలి ఫొటోగ్రాఫర్లలో ఒకడైన టాల్బట్ 1844 నుంచి భాగాలుగా వెలువరించిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ పుస్తకంలో అరల మీద పేర్చిన పింగాణీ గిన్నెల ఫొటో ఉంది. ఈ సామాను దొంగలెత్తుకుపోతే ఇలాంటి ఫొటో కోర్టులో సాక్ష్యంగా పనికి రావచ్చని ఆయన రాశాడు. మరో ఫొటోలో తెరిచిన తలుపు, పక్కనే ఆనించిన చీపురు.

మద్రాసు ప్రెసిడెన్సీలో కెమెరా సర్కారు కొలువూ చేసింది. 1857-58లో లినేయస్ ట్రైప్ దక్షిణాది ఆలయాలను తీశాడు. అంతకు పదేళ్ల ముందే, 1847 ఫిబ్రవరి 22న, కంపెనీ మీద తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఈనాడు మనం చూసే ఆయన బొమ్మలన్నీ ఊహించి గీసినవే. 1866 కరువులో అదే ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి వేల మంది ఆకలి తీర్చారు. ఆయన పేరు ఊరూరా నిలిచింది గానీ, ఆ వంట ఉడికిన కాగుల్ని కెమెరా ఎరగదు. 1876-78 మహాక్షామంలో హూపర్ అనే సైనికాధికారి ప్రెసిడెన్సీలో ఎముకల గూళ్లైన మనుషులను వరసగా కూర్చోబెట్టి తీసిన ఫొటోలు ఇప్పటికీ నిద్ర పట్టనివ్వవు. ఆ కరువు కర్నూలు జిల్లాను చిదిమేసింది. జనం ప్రాణం నిలుపుకోవడానికి ఇంట్లోని రాగీ ఇత్తడీ అమ్ముకున్నారు. ఆ ఖాళీ అయిన అటకలను ఎవరూ తీయలేదు.

ఇక పాత ఫొటోలంటే గుర్తొచ్చే గోధుమరంగు, సెపియా సంగతి. ఆ పేరు కటిల్‌ఫిష్ అనే సముద్రజీవికి గ్రీకులో ఉన్న పేరు. దాని గోధుమరంగు సిరాతో ఒకప్పుడు బొమ్మలు గీసేవాళ్లు. 1850లో వచ్చిన ఆల్బుమెన్ కాగితానికి కోడిగుడ్డు తెల్లసొన పూసేవాళ్లు. దాని మీద బొమ్మ సహజంగానే గోధుమ ఛాయలో దిగేది. తర్వాత వచ్చిన సెపియా టోనింగు పద్ధతి వేరు. తయారైన నలుపు తెలుపు ఫొటోను బ్లీచులో ముంచితే బొమ్మ వెలిసిపోయి పసుపుపచ్చ నీడలా మిగులుతుంది. తీసి సోడియం సల్ఫైడులో వేస్తే, కుళ్లిన గుడ్ల కంపు మధ్య, క్షణాల్లో గోధుమరంగులో తిరిగి లేస్తుంది. ఫొటోలోని వెండి సిల్వర్ సల్ఫైడుగా మారుతుంది. పెట్టెలో పెట్టిన వెండి పట్టీలు నల్లబడేదీ ఈ పదార్థం వల్లే. ఇలా మారిన బొమ్మ గాలికీ కాలానికీ అంత త్వరగా లొంగదు. సెపియా కళ్లకు ఇంపైనదే, కానీ దాని అసలు గుణం నిలకడ.

ఇరవయ్యో శతాబ్దంలో మా ఊళ్లకు స్టూడియోలు వచ్చాయి. జనం రంగుల తెర ముందు, అరువు కుర్చీలో కూర్చుని ఫొటో దిగారు. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 లాంటి చవక కెమెరాలు ఇళ్లకు చేరాక కూడా తీసింది పెళ్లిళ్లనూ పిల్లలనూ. రోలూ రోకలీ ఎప్పుడైనా పడ్డాయంటే వెనకాల, అనుకోకుండా పడినవే.

ఈలోపు సామాను వరసగా కాలం చేసింది. 1958 నుంచి 1962 దాకా మెట్రిక్ కొలతలు అంచెలంచెలుగా అమలై శేరు, మానిక, సోల, గిద్ద కొట్లలోంచి లేచిపోయాయి. స్టీలు వచ్చి ఇత్తడిని తూకానికి పంపింది. గ్రైండరు వచ్చి రోలును వాకిట్లోకి నెట్టింది. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు వందకు పైగా ఊళ్లు మునిగాయి. వాటిలో ఆత్మకూరు, నందికొట్కూరు వైపు పల్లెలూ ఉన్నాయి. రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి కర్నూలు జగన్నాథగట్టు మీద మళ్లీ నిలబెట్టారు. గుడికి ఆ గౌరవం దక్కాల్సిందే. ఆ ఊళ్ల గాదెలకూ గూళ్లకూ మాత్రం అలా లెక్క రాసినవాళ్లు లేరు. మాటలకు కొంత మేలు జరిగింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదకోశం వచ్చింది, వృత్తిపదాలు అచ్చులో దక్కాయి. వస్తువులకు అలాంటి పని ఇంకా మిగిలే ఉంది.

ఆ పనికి మా పాత మట్టిమిద్దెను మించిన స్టూడియో లేదు. మిద్దె కప్పు మధ్య గవాచి, అంటే వెలుగు కోసం వదిలిన కంత, ఉంటుంది. పొద్దెక్కాక అందులోంచి వెలుగు ఒక కట్టగా నేల మీదికి దిగుతుంది. ఆ కట్ట అంచున విసుర్రాయిని పెట్టి చూడండి. వాలుగా పడిన వెలుగులో రాతి మీది గంట్లు ఒక్కొక్కటీ లేస్తాయి, అరిగిపోయిన చోట నున్నగా మెరుస్తుంది. కట్టె పిడి మీద అవ్వ అరచేయి ఎక్కడ పడేదో తెలిసిపోతుంది. ఆళ్లగడ్డలో చెక్కిన దేవతామూర్తులకు ఎంత పేరుందో అందరికీ తెలుసు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో వాకిట పడి ఉన్న విసుర్రాయి కూడా ఉలి పనే.

ఇప్పుడు ఫోనులో వేలు తాకిస్తే సెపియా వస్తుంది. ఆ రంగు నాకూ ఇష్టమే, కానీ ఒక ప్రమాదముంది. రాగి చెంబు, ఇత్తడి బిందె, కంచు గిన్నె మూడూ ఒకే గోధుమలో కలిసిపోతాయి. చింతపండుతో తోమిన రాగి ఎరుపు, లోపలి కళాయి తెలుపు పోతాయి. అందుకే ముందు అసలు రంగులో ఒకటి తీయాలి, తర్వాతే సెపియా. పక్కన కొలతకు ఒక స్కేలు పెట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వస్తువు పేరు, ఊరు, దేనికి వాడేవాళ్లో ఫొటో వెనక రాయాలి. ఫోనుకు వదిలేయకుండా ఒక ప్రతిని కాగితం మీద దించాలి. పాత సెపియా వెండికి ఇచ్చిన నిలకడను ఇవాళ ఈ నాలుగు మాటలే ఇవ్వగలవు.

టాల్బట్ దొంగల భయంతో సాక్ష్యం గురించి ఆలోచించాడు. మన సామానును దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. మనమే పాతసామాన్ల బండికి వేశాం. సాక్ష్యం చెప్పాల్సిందీ మనమే, ఆ పేర్లు తెలిసిన అవ్వలు మన మధ్య ఉండగానే.