ఎల్‌ఎస్ వీ8 ఇంజిన్‌లో ఛాంబర్ ప్యాకింగ్ లీకేజీ: ఎలా గుర్తించాలి? ఎలా సరిచేయాలి?

ఇంజిన్ అడుగున ఆయిల్ నిల్వ ఉండే తొట్టి పేరు ఆయిల్ ప్యాన్. మన మెకానిక్ షెడ్లలో దాన్ని ఛాంబర్ అంటారు. ఛాంబర్‌కీ ఇంజిన్ బ్లాక్‌కీ మధ్య నుంచి ఆయిల్ బయటికి రాకుండా ఆపేది గ్యాస్కెట్, అంటే ప్యాకింగ్. చిన్న కారులో ఈ ప్యాకింగ్ లీకైతే చాలామంది కింద అట్టముక్క పరిచి నెలలు గడిపేస్తారు. కానీ 300 హార్స్‌పవర్ దాటిన వీ8 ఇంజిన్‌లో అలా కుదరదు. ఆయిల్ తగ్గితే ముందు పోయేది బేరింగులు, ఆ తర్వాత క్రాంక్. అంటే ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే.

ఇలాంటి ఇంజిన్లలో బాగా పేరున్నది జనరల్ మోటార్స్ తయారుచేసిన ఎల్‌ఎస్ కుటుంబం. 1997 మోడల్ షెవర్లే కార్వెట్‌లో 5.7 లీటర్ల ఎల్‌ఎస్1తో ఇది మొదలైంది. 2008 కార్వెట్‌లో 6.2 లీటర్ల ఎల్‌ఎస్3 వచ్చింది. మన రోడ్ల మీద ఇవి అరుదే అయినా గల్ఫ్‌లో పనిచేసే తెలంగాణ మెకానిక్‌లకు కొత్తేమీ కాదు. అక్కడ షెవర్లే పేరుతో అమ్ముడైన లుమినా ఎస్‌ఎస్ నిజానికి ఆస్ట్రేలియా హోల్డెన్ కారు. అందులోనూ ఈ ఎల్‌ఎస్ ఇంజినే ఉండేది.

ఈ ఛాంబర్ ఎందుకు వేరు?

చాలా పాత ఇంజిన్లకు ఛాంబర్ అంటే ఒత్తిన ఇనుప రేకు. ఎల్‌ఎస్ కార్లలో మాత్రం పోత పోసిన అల్యూమినియం. ఇది ఒకేసారి మూడు పనులు చేస్తుంది.

ఒకటి, ఆయిల్‌ను నిల్వ ఉంచుతుంది. రెండు, ఇంజిన్‌కు బలాన్నిస్తుంది. దీని వెనక భాగం గేర్‌బాక్స్ ముందుండే బెల్ హౌసింగ్‌కు కూడా బిగుస్తుంది. మూడు, ఆయిల్ ఫిల్టర్ దీనికే ఉంటుంది. పంపు నుంచి ప్రెజర్‌తో వచ్చే ఆయిల్ బ్లాక్ వెనక ఎడమ వైపు నుంచి ఛాంబర్‌లోకి దిగి, ఫిల్టర్ దాటి, మళ్లీ బ్లాక్‌లోకి ఎక్కుతుంది.

కాబట్టి ఇక్కడ లీకేజీ రెండు రకాలు. అంచుల నుంచి మెల్లగా చెమర్చేది ఒకటి. ప్రెజర్ దారి దగ్గర ప్యాకింగ్ తెగి కారేది ఇంకొకటి. రెండోది ఇంజిన్ నడుస్తున్నప్పుడు ధారగా వస్తుంది, ఆపగానే తగ్గిపోతుంది. దీన్ని రేపు చూద్దాంలే అని వదిలేయకూడదు.

ప్యాకింగ్ ఎందుకు పాడవుతుంది?

ఎల్‌ఎస్ ప్యాకింగ్ ఒకే ముక్కగా వస్తుంది. గట్టి లోహపు పట్టీ మీద రబ్బరు అంచు అచ్చుపోసి ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి రబ్బరు గట్టిపడి స్ప్రింగ్ గుణం పోతుంది. ఎక్కువగా చెమర్చేది నాలుగు మూలల్లో. ముందు కవర్, వెనక కవర్ వచ్చి బ్లాక్‌ను కలిసే చోట్లు అవి. మూడు భాగాలు ఒకచోట కలిసే సందును ప్యాకింగ్ ఒక్కటే మూయలేదు.

ఇంకో కారణం పీసీవీ వ్యవస్థ. పిస్టన్ రింగులు దాటి కిందికి దిగే గ్యాస్‌ను బయటికి లాగే దారి ఇది. ఈ పైపు మూసుకుపోతే లోపల ప్రెజర్ పెరిగి, బలహీనంగా ఉన్న ప్రతి సీలు నుంచీ ఆయిల్‌ను తోసేస్తుంది. టర్బో, సూపర్‌చార్జర్ తగిలించిన ఇంజిన్లలో ఈ గ్యాస్ ఇంకా ఎక్కువ. పీసీవీ చూడకుండా ప్యాకింగ్ మారిస్తే కొత్తది కూడా లీకవుతుంది.

స్పీడ్ బ్రేకర్‌కు తగిలిన కార్లలో ఛాంబర్‌ను జాగ్రత్తగా చూడాలి. రేకు అయితే సొట్ట పడుతుంది, పోత అల్యూమినియం పగులుతుంది. పగులుకు ప్యాకింగ్ మందు కాదు.

ముందు లీకు ఎక్కడిదో తేల్చాలి

ఆయిల్ ఎప్పుడూ పైనుంచి కిందికి వస్తుంది, కారు నడిచేటప్పుడు గాలికి వెనక్కి పోతుంది. అందుకే లీకు ఎక్కడ మొదలైనా తడి కనిపించేది ఛాంబర్ దగ్గరే. ప్యాకింగ్ మీద నింద వేసేముందు ఈ చోట్లు చూడాలి:

• ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనక ఉండే ఆయిల్ ప్రెజర్ సెన్సర్. ఎల్‌ఎస్1లో ఇక్కడ లీకైతే బ్లాక్ వెనక నుంచి జారి, క్రాంక్ సీలు పోయినట్టే కనిపిస్తుంది.
• వాల్వ్ కవర్లు. షెడ్లలో వీటినే ట్యాపెట్ కవర్లు అంటారు.
• ముందు, వెనక క్రాంక్ సీళ్లు, వెనక కవర్ ప్యాకింగ్.
• ఫిల్టర్‌కు పైన, ఛాంబర్ పక్కన రెండు బోల్టులతో ఉండే చిన్న మూత. ఆయిల్ కూలర్ కోసం వదిలిన దారి ఇది. దీనికి వేరే చిన్న ప్యాకింగ్ ఉంటుంది. లీకు ఇదే అయితే ఛాంబర్ దించే పనే లేదు.
• డ్రెయిన్ బోల్టు, ఆయిల్ లెవల్ సెన్సర్.

రంగు కూడా చూడాలి. ఎర్రగా ఉంటే అది ఇంజిన్ ఆయిల్ కాకపోవచ్చు, గేర్‌బాక్స్‌ది కావచ్చు.

పరీక్ష సులువే. అడుగు భాగమంతా డీగ్రీజర్‌తో కడిగి ఆరబెట్టాలి. అనుమానం ఉన్నచోట టాల్కమ్ పౌడర్ చల్లి కొంతసేపు నడిపితే మొదట తడిసే చోటు తెలిసిపోతుంది. దొరకకపోతే ఆయిల్‌లో యూవీ రంగు కలిపి, ఆ దీపంతో చూస్తారు. కడగకుండా పని మొదలుపెట్టడమంటే చీకట్లో వెతకడమే.

పని వరుస

1. కారును లిఫ్ట్ మీదైనా, గట్టి స్టాండ్ల మీదైనా నిలపాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరకూడదు. బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. 1998–2002 కమారో, ఫైర్‌బర్డ్‌లలో ఛాంబర్ నేరుగా కిందికి రాదు. ఇంజిన్‌ను పైకి లేపాలి, లేదంటే ముందు క్రాస్‌మెంబర్‌ను దించాలి. ఈ పనిలో ఎక్కువ టైమ్ పోయేది ఇక్కడే.

2. ఆయిల్ తీసి, ఫిల్టర్ విప్పాలి. అడ్డొచ్చే స్టార్టర్, సెన్సర్ వైర్లు, బెల్ హౌసింగ్ నుంచి ఛాంబర్‌కు ఉండే బోల్టులు తీయాలి. వెనక వైపు రెండు పొడవాటి సన్న బోల్టులుంటాయి. వాటిని మర్చిపోయి పేచ్‌కస్ పెట్టి లేపితే అల్యూమినియం అంచు గీసుకుపోతుంది.

3. కంపెనీ ప్యాకింగ్ ఛాంబర్‌కు రివెట్లతో ఉంటుంది. వాటిని డ్రిల్ చేసి తీయాలి. కొత్త దానికి రివెట్లు అక్కర్లేదు. పాత ప్యాకింగ్‌ను మళ్లీ వాడకూడదు.

4. రెండు అంచులనూ ప్లాస్టిక్ గీకుడు ముక్కతో, సాల్వెంట్‌తో శుభ్రం చేయాలి. గ్రైండర్‌కు తగిలించే రాపిడి డిస్కులు వద్దే వద్దు. వాటి నుంచి రాలే సన్నటి పొడి ఆయిల్‌లో కలిసి బేరింగులను తినేస్తుందని జనరల్ మోటార్స్ తన సర్వీస్ బులెటిన్‌లోనే హెచ్చరించింది.

5. ఛాంబర్ దిగింది కాబట్టి లోపల మెరిసే లోహపు పొడి ఉందేమో చూడాలి. ఉంటే సమస్య ప్యాకింగ్‌తో ఆగలేదని అర్థం. ఆయిల్ పీల్చే పికప్ ట్యూబ్‌ను విప్పితే దాని ఓ-రింగ్ కొత్తది వేయాలి. అది నలిగితే పంపు గాలి పీలుస్తుంది, ప్రెజర్ పడిపోతుంది.

6. సిలికాన్ పేస్టు నాలుగు మూలల్లోనే పెట్టాలి. 5 మిల్లీమీటర్ల మందం, 20 మిల్లీమీటర్ల పొడవు చాలు. మిగతా అంచంతా పొడిగానే ఉండాలి.

7. ఛాంబర్ ఎక్కించి బోల్టులన్నీ చేత్తో తిప్పాలి. ఛాంబర్ వెనక అంచు బ్లాక్ వెనక అంచుకు సమానంగా రావాలి, దాన్ని దాటి గేర్‌బాక్స్ వైపు బయటికి రాకూడదు. వస్తే బెల్ హౌసింగ్ బిగించేటప్పుడు ఛాంబర్ మీద లాగుడు పడుతుంది.

8. టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. 8 మిల్లీమీటర్ల బోల్టులకు 25 న్యూటన్ మీటర్లు, వెనక ఉండే 6 మిల్లీమీటర్ల పొడవాటి రెండింటికి 12, బెల్ హౌసింగ్ బోల్టులకు 50. పౌండ్లలో చెప్పాలంటే 18 ఫుట్ పౌండ్లు, 106 ఇంచ్ పౌండ్లు, 37 ఫుట్ పౌండ్లు. ఇంచ్, ఫుట్ తేడా మర్చిపోతే సన్న బోల్టు విరుగుతుంది.

9. పేస్టు ఆరడానికి ట్యూబు మీద రాసినంత టైమ్ ఇవ్వాలి. తర్వాతే ఆయిల్ పోయాలి. ఆ కమారోకు ఫిల్టర్‌తో కలిపి సుమారు 5.2 లీటర్లు పడుతుంది. స్టార్ట్ చేయగానే ప్రెజర్ ముల్లు లేవకపోతే వెంటనే ఆపాలి.

చేయకూడని రెండు పనులు

కారుతోంది కదా అని బోల్టులను ఇంకాస్త బిగించడం మొదటిది. గట్టిపడిన రబ్బరు బిగిస్తే మెత్తబడదు. బ్లాక్ అల్యూమినియందైతే దాని మరలు ఊడివస్తాయి. అప్పుడు చిన్న పని పెద్ద పనవుతుంది.

భద్రంగా ఉంటుందని అంచంతా సిలికాన్ పూయడం రెండోది. బయటికి పొంగింది కంటికి కనిపిస్తుంది, లోపలికి పొంగింది కనిపించదు. అది ముక్కలుగా ఊడి పికప్ జాలీకి అడ్డం పడితే ఇంజిన్‌కు ఆయిల్ అందదు. లీకు ఆగిందని కస్టమర్ సంతోషించిన కారే కొన్నాళ్లకు ఇంజిన్ పట్టేసి తిరిగొస్తుంది.

ఎప్పుడు తొందర పడాలి?

అంచు తడిగా ఉండి చుక్క పడకపోతే వారానికోసారి డిప్‌స్టిక్ చూసుకుంటూ పనికి టైమ్ పెట్టుకోవచ్చు. చుక్కలు పడుతుంటే ఆలస్యం వద్దు. ఎగ్జాస్ట్ పైపు మీద పడి పొగ వస్తుంటే కారు నడపకూడదు, మంటలు అంటుకునే ప్రమాదం ఉంది. వేగంగా మలుపు తిప్పినప్పుడు ఆయిల్ ఒక పక్కకు పోతుంది. అప్పటికే లెవల్ తక్కువగా ఉంటే పికప్‌కు గాలే దొరుకుతుంది. ప్రెజర్ లైటు వెలిగితే గ్యారేజీ దాకా వెళ్దామనుకోకుండా అక్కడే ఇంజిన్ ఆపి, కారును లాగించుకెళ్లాలి.

పని అయ్యాక మర్నాడు ఒకసారి, వారం తర్వాత ఒకసారి అడుగు భాగం చూడాలి. రెండుసార్లూ పొడిగా ఉంటేనే పని పూర్తయినట్టు.