సంగారెడ్డి–పటాన్‌చెరు విద్యా, పరిశోధన ప్రాంగణాలు

హైదరాబాద్–ముంబై జాతీయ రహదారి వెంట, రామచంద్రాపురం దాటినప్పటి నుంచి సంగారెడ్డి దాకా, ఫ్యాక్టరీల నడుమ పరుచుకున్న ఉన్నత విద్యా, పరిశోధన సంస్థల ఆవరణలు ఇవి. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, కందిలోని ఐఐటీ హైదరాబాద్ వీటిలో పెద్దవి. రుద్రారంలోని గీతం, సుల్తాన్‌పూర్‌లోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల కూడా సంగారెడ్డి జిల్లాలోనివే.

తెలంగాణలో విశ్వవిద్యాలయ వాస్తు అనగానే గుర్తొచ్చేది హైదరాబాద్ అడిక్‌మెట్‌లోని ఉస్మానియా. దాని నిర్మాణానికి ముందు వాస్తుశిల్పులు నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి వచ్చారు. బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనా గీశాడు. 1934లో పునాది పడిన ఆర్ట్స్ కాలేజీ 1939 డిసెంబరు 4న ప్రారంభమైంది. స్థానిక గులాబీ గ్రానైటు, ఆకాశాన్నంటే ముఖద్వారం, గుడి మండపాల స్తంభాలు, మసీదు కమాన్లు అన్నీ ఒకే గోడలో ఒదిగాయి. అక్కడ చూసేవాడి కన్ను ముందు భవనం మీదే పడుతుంది. సంగారెడ్డి వైపు ప్రాంగణాల్లో ముందు కనిపించేది నేల.

ఇక్రిశాట్ 1972లో ఏర్పడింది. మెట్ట ప్రాంతాల పంటలైన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన దాని పని. దాదాపు 1,400 హెక్టార్ల ఈ ఆవరణ కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి గ్రామాలను ఖాళీ చేయించారు. ఇక్కడ నల్లరేగడి, ఎర్ర చెల్క పక్కపక్కనే దొరుకుతాయి. దేశంలోని మెట్ట సేద్యంలో అధిక భాగం సాగేది ఈ రెండు రకాల నేలల్లోనే కాబట్టి, పరిశోధనకు ఇంతకన్నా అనువైన చోటు దొరకదు.

ఈ ఆవరణకు రూపునిచ్చింది తోటమాలి కంటే నేలశాస్త్రవేత్తే అనాలి. ఎండాకాలంలో రేగడి నెర్రెలు బారుతుంది, వానాకాలంలో కాలు దిగబడే బురదవుతుంది. అందుకే రైతులు వానాకాలమంతా దాన్ని బీడుగా వదిలి, వానలు వెనకపట్టాక రబీ పంట వేసేవారు. 1970ల మధ్య నుంచి ఇక్రిశాట్ ఈ నేలను కాలువతో కలిపి సుమారు మీటరున్నర వెడల్పుండే మళ్లుగా, మధ్యలో కాలువలుగా మలిచింది. వాలు నూరు మీటర్లకు అర మీటరుకు అటూ ఇటూ ఉండేలా చూశారు. మిగులు నీరు నిదానంగా గడ్డి పరిచిన కాలువల్లోకి, అక్కడి నుంచి కుంటల్లోకి చేరుతుంది. దుక్కికి ఎడ్లు లాగే చక్రాల పరికరం వాడారు. రేగడి మీద ఏటా రెండు పంటలు తీయవచ్చని ఈ ప్రయోగం చూపించింది. వాన నీటి కోసం కట్టిన కుంటలు, చెరువులు క్రమంగా పక్షులకు ఆవాసాలయ్యాయి. ఆవరణలో ఇప్పటికి 250కి పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. పార్కు వేయాలని ఎవరూ అనుకోకుండానే పార్కు తయారైందన్నమాట.

ఇక్రిశాట్ ప్రహరీ బయట ఇదే కాలంలో జరిగింది వేరు. పటాన్‌చెరు, బొల్లారం రసాయన, మందుల కర్మాగారాల వ్యర్థాలు నక్కవాగులో కలిసి, అక్కడి నుంచి మంజీరకు చేరాయి. 1990లో ఈ వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది గానీ వాగు పక్క పొలాలకు జరిగిన నష్టం జరిగిపోయింది. ఒకే ప్రాంతంలో, ఒకే తరహా నేలల మీద రెండు విధాల భూ వినియోగం ఎటు దారితీసిందో ఇంత స్పష్టంగా కనిపించే చోట్లు తక్కువ.

ఐఐటీ హైదరాబాద్ 2008లో ఎద్దుమైలారంలోని ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలైంది. యుద్ధ వాహనాలు తయారయ్యే చోట తొలి బ్యాచ్‌లు పాఠాలు విన్నాయి. కందిలో 576 ఎకరాల సొంత స్థలానికి 2009 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరగగా, 2015లో సంస్థ అక్కడికి మారింది. రెండో విడత భవనాలకు జపాన్ ప్రభుత్వ సంస్థ జైకా రుణమిచ్చింది. గ్రంథాలయం, అతిథి గృహం, సమావేశ మందిరం వంటి వాటి రూపకల్పనలో టోక్యో విశ్వవిద్యాలయ బృందం పాలుపంచుకుంది. తరగతి భవనాలకు ఏ, బీ, సీ అని పొడి అక్షరాలు పెట్టినవారు వసతి గృహాలకు మాత్రం ఆర్యభట్ట, చరక, గార్గి, మైత్రేయి వంటి పేర్లు వెతికారు.

అలంకరణ విషయంలో ఈ ప్రాంగణాలు ఉస్మానియాకు సాటిరావు, ఆ ప్రయత్నమూ చేయలేదు. కాంక్రీటు, గాజు, విశాలమైన నడవలతోనే సరిపెట్టాయి. వాటి విలువ కట్టడాల్లో వెతకడం కన్నా, పారిశ్రామిక వాడ మింగకుండా మిగిల్చిన ఖాళీ నేలలో వెతకడం న్యాయం.

ఇక్రిశాట్‌లోకి ముందస్తు అనుమతితోనే పోనిస్తారు. పక్షులను చూడదలచినవారు వలస బాతులు దిగే చలికాలంలో వెళ్లడం మంచిది.