ద్వ్యర్థి శకటము

మా ఇంటి కారును 2006లో కొన్నాను. పదిహేనేళ్ల రిజిస్ట్రేషను గడువు 2021లో తీరింది. బండిని తనిఖీకి చూపించి, రుసుము కట్టి, మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాను. ఆ ఐదేళ్లూ నిండవచ్చాయి. మొన్న కాగితాలు తీసి బల్లమీద పెడితే మా ఆవిడ కళ్లజోడు సవరించుకొని చూసి, "ఈసారి వద్దండీ, అమ్మేద్దాం" అంది. కోపంగా అనలేదు. కూర చల్లారిపోతోంది రండి అన్నంత మామూలుగా అంది. అందుకే ఆ మాట నాకు గట్టిగా తగిలింది.

ఆ కారు పేరు చెప్పను. చెబితే ఇది పొగడ్తో తెగడ్తో అయిపోతుంది. పొట్టి బండి అన్నంతవరకు చెబుతాను. డిక్కీ తోకలా వెనక్కి పొడుచుకొని ఉండదు; వెనుక గోడే తలుపై పైకి లేస్తుంది. దీన్నే హాచ్‌బ్యాక్ అంటారు. అందులోనూ ఇది కొంత హుషారైన జాతి. ఒంటికి మించిన సత్తువ, తిప్పీ తిప్పకముందే మాట వినే స్టీరింగు. బడికి, బజారుకు, ఆసుపత్రికి, అమ్మాయి హాస్టలుకు, పెళ్లిళ్లకు, కర్మలకు అన్నిటికీ ఇదే బండి. అయినా తెల్లవారుజామున గోదావరి గట్టు మీద నేనొక్కణ్ణే వెళ్తున్నప్పుడు మాత్రం అది వేరే బండి.

ఆవిడకు సమాధానం చెప్పబోయి, ముందు నాకు నేనే ఒక ప్రశ్నకు సమాధానం చెప్పుకోవలసి వచ్చింది. ఇంటిల్లిపాదినీ మోసే బండి, ఒక్కడి మనసును ఉరికించే బండి ఒక్కటే ఎలా అయింది? దీని వెనుక ఒక చరిత్ర ఉంది. చదివినంతలో విన్నవించుకుంటాను.

పింగళి సూరన 16వ శతాబ్దంలో రాఘవపాండవీయమనే ద్వ్యర్థి కావ్యం రచించిన సంగతి చదువరులకు తెలిసినదే. అందులోని పద్యాన్ని ఒక విధంగా అన్వయిస్తే రామకథ, మరొక విధంగా అన్వయిస్తే భారతకథ. రాముడికి కొన్ని పదాలు, పాండవులకు కొన్ని పదాలు విడిగా పంచిపెడితే అది శ్లేష కాదు, అతుకుల బొంత. అక్కడ ఉన్న పదమే రెండు కథలకూ ఊడిగం చేయాలి. పద్యం మాత్రం పెరగకూడదు. ఈ చిన్న కార్ల చరిత్ర చదివినప్పుడల్లా నాకు సూరనే గుర్తుకొస్తాడు.

కథ ఇంగ్లండులో, కొరతలో మొదలవుతుంది. 1956లో ఈజిప్టు సూయజ్ కాలువను జాతీయం చేసింది. యుద్ధం వచ్చింది, చమురు రాక తగ్గింది, బ్రిటనులో పెట్రోలుకు రేషను పెట్టారు. అప్పుడు బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ అధిపతి లెనార్డ్ లార్డ్ తన ఇంజనీరు అలెక్ ఇసిగోనిస్‌ను పిలిచి, నలుగురు కూర్చోగలిగిన, అతి చిన్నదైన, అయినా అసలైన కారు కావాలన్నాడు. 1959 ఆగస్టులో మినీ బయటికి వచ్చింది. పొడవు పది అడుగులు. ఇంజను 848 సీసీ.

ఇసిగోనిస్ చేసిన పని చెప్పుకోదగినది. సాధారణంగా ముందునుంచి వెనక్కి పొడవుగా ఉండే ఇంజనును ఆయన అడ్డంగా తిప్పి పెట్టాడు. గేరుపెట్టెను ఇంజను కిందికి, దాని నూనెతొట్టిలోకే దించాడు. శక్తిని ముందు చక్రాలకే ఇచ్చాడు గనుక బండి కింద పొడవాటి ఇరుసు, దాని కోసం నేల మధ్య గూడు అవసరం లేకపోయాయి. పది అంగుళాల చక్రాలను నాలుగు మూలలకూ నెట్టాడు. స్ప్రింగులకు బదులు అలెక్స్ మౌల్టన్ రూపొందించిన రబ్బరు శంకువులు అమర్చాడు. నేల వైశాల్యంలో దాదాపు 80 శాతం మనుషులకూ సామానుకూ మిగిలింది.

ఇప్పుడు శ్లేష గమనించండి. చక్రాలు మూలలకు పోతే మోకాళ్లకు చోటు వస్తుంది, ఇది మొదటి అర్థం. మలుపులో బండి ఒరగకుండా నేలను కరుచుకుంటుంది, ఇది రెండవ అర్థం. ఇంజను బరువు ముందు చక్రాల మీద పడితే లోపల స్థలం మిగులుతుంది. తడి రోడ్డు మీద, మంచు మీద పట్టు కూడా దొరుకుతుంది. బరువు తక్కువైతే పెట్రోలు ఆదా, ఉరుకూ ఎక్కువ. ఇసిగోనిస్ దృష్టిలో ఉన్నది మొదటి అర్థమే. గృహస్థు కోసం కట్టాడు, పందెం కోసం కాదు. కవికి తట్టని అర్థం వ్యాఖ్యాతకు తట్టినట్టు, రెండవ అర్థాన్ని జాన్ కూపర్ చదివాడు. అప్పటికే 1959, 1960లలో ప్రపంచ విజేతలైన రేసుకార్ల నిర్మాత ఆయన. 1961లో 997 సీసీ ఇంజనుతో, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులతో మినీ కూపర్ వచ్చింది. 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీని మినీయే గెలిచింది. 1966లో మొదటి మూడు స్థానాలూ మినీలవే అయినా, దీపాల విషయంలో నిబంధన తప్పాయని వాటిని పోటీనుంచి తొలగించారు. అంగట్లో కూరగాయలు తెచ్చుకునే బండి పెద్ద పెద్ద కార్లను మంచుకొండల్లో ఓడించడం అప్పట్లో సామాన్యుడికి ఎంత సంబరమో ఊహించుకోవచ్చు.

అయితే ఆ మినీకి వెనుక పైకి లేచే తలుపు లేదు, చిన్న డిక్కీ మూత మాత్రమే. ఆ తలుపును ఇంటింటి బండికి అలవాటు చేసినవారు ఫ్రెంచివారు. 1961లో వచ్చిన రెనో 4 వెనుక భాగం మొత్తం తలుపే. పల్లెటూరి రైతూ పట్నం టీచరూ ఒకే బండి కొన్నారు. 1965 నాటి రెనో 16 వెనుక సీటును మడవవచ్చు, జరపవచ్చు. శ్లేషలో సభంగమని, అభంగమని రెండు తెగలు. పదాన్ని విరిస్తే వేరే అర్థం రావడం సభంగం. సీటు విరిస్తే సామాను బండి, నిలిపితే మనుషుల బండి. ఇంతకంటె చక్కని సభంగ శ్లేష లోహంలో నేను చూడలేదు.

రెండవ కొరత 1973లో వచ్చింది. అరబ్బు, ఇజ్రాయిల్ యుద్ధంతో చమురు ధర ఆకాశానికంటింది. మరుసటి ఏడే జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ వచ్చింది. రూపకర్త ఇటలీ దేశస్థుడు జుజారో. పొదుపుకోసం కట్టిన బండి అది. కాని ఆ సంస్థలోనే కొద్దిమంది ఉద్యోగులు, అధికారికంగా ఎవరూ అడగకుండానే, వేగవంతమైన రూపం ఒకటి చేయాలని పూనుకున్నారు. దాని ఫలితాన్ని 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో పెట్టారు. 1976లో అమ్మకానికి వచ్చింది. అదే గోల్ఫ్ జీటీఐ. 1588 సీసీ ఇంజను, 110 అశ్వశక్తి, గంటకు 182 కిలోమీటర్ల వేగం. ముందు జాలీ చుట్టూ ఒక ఎర్రగీత, గళ్ల గుడ్డ సీట్లు, గోల్ఫు బంతి ఆకారంలో గేరు పిడి, ఇవే ఆడంబరాలు. 5,000 అమ్ముడైతే చాలనుకున్నారు. ఆ మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటింది.

ఎందుకు దాటిందన్నదే నా వ్యాసానికి కీలకం. ధనవంతుడికి ఇంటికొక బండి, సరదాకొక బండి ఉంటాయి. ఒక్క బండి మాత్రమే కొనగలవాడు పిల్లలు పుట్టగానే సరదాను అటకెక్కించవలసిందేనా? అక్కరలేదన్నది గోల్ఫ్ జీటీఐ. ఇది విలాసం కాదు, ఒంటిబండి సంసారి తన ఆనందాన్ని వదులుకోకుండా వెతుక్కున్న ఉపాయం.

ఆ ఉపాయానికీ వెల ఉంది. 1984లో వచ్చిన ప్యూజో 205 జీటీఐ ఈ జాతిలో మకుటాయమానమని పేరు. కాని మలుపు మధ్యలో బెదిరి యాక్సిలరేటరు మీద కాలు తీస్తే వెనుక భాగం బయటికి జారేది. బ్రిటనులో 1980ల చివరికల్లా ఇలాంటి బండ్లను దొంగిలించి వీధుల్లో ఉరికించే కుర్రకారు పెరిగారు, బీమా రుసుములు మిన్నంటాయి. ఎంతోమంది సంసారులు చేతులెత్తేశారు. రెండవ అర్థం మితిమీరితే మొదటి అర్థం చెడుతుందని చరిత్ర అప్పుడే హెచ్చరించింది.

మన దేశానికి వద్దాం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 796 సీసీ. మనకది చిన్నకారు కాదు, కారే. నలుగురి బండిలో ఏడుగురు ఎక్కి, పైన బెడ్డింగు కట్టి తిరుపతి వెళ్లిన తరం మాది. రెండవ అర్థం 1993లో జెన్‌తో వినిపించింది. 993 సీసీ అల్యూమినియం ఇంజను, తేలికైన ఒళ్లు. 2001లో ఫియట్ పాలియో 1.6, 2005లో 1.3 లీటర్ల స్విఫ్ట్ వచ్చాక ఆ అర్థం స్పష్టమైంది.

ఆ తరువాత ఒక విచిత్రం జరిగింది. 2006 కేంద్ర బడ్జెట్టులో చిన్నకార్ల ఎక్సైజు సుంకాన్ని 24 నుండి 16 శాతానికి తగ్గించారు. చిన్నకారంటే పొడవు నాలుగు మీటర్లలోపు, పెట్రోలు ఇంజను 1200 సీసీ లోపు, డీజిలు 1500 లోపు. ఇది కార్లకు ఛందస్సయింది. యతి తప్పితే పద్యం కానట్టు, నాలుగు మీటర్లు దాటితే చవక కాదు. 1.3 లీటర్ల స్విఫ్ట్ 2010లో 1.2 అయింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీని 28 నుండి 18 శాతానికి తగ్గించినప్పుడూ అవే కొలతలు. ఆ ఛందస్సులోనే 2013లో పోలో జీటీ వచ్చింది. 1197 సీసీ గాని, టర్బో ఊపిరితో 105 అశ్వశక్తి. దానికీ మనకూ ఒక బంధుత్వం తప్పిపోయింది. 2005లో ఫోక్స్‌వ్యాగన్ కర్మాగారం విశాఖపట్నానికి వస్తుందని మనమందరం ఆశపడ్డాం. రాష్ట్ర ప్రభుత్వం ఒక మధ్యవర్తి సంస్థకు కట్టిన 11 కోట్ల రూపాయల వ్యవహారం సీబీఐ దాకా వెళ్లింది. కర్మాగారం పూణె దగ్గర చాకణ్‌లో 2009లో తెరుచుకుంది. విశాఖలో పుట్టవలసిన పోలో అక్కడ పుట్టి, 2022లో అక్కడే ముగిసింది.

ఇంత చరిత్రనూ వాదనగా కూర్చుకొని ఆవిడ ముందు విప్పుదామనుకున్నాను. కాని అంతకు ముందే, సంక్రాంతికి జరిగినది ఒకటి నా నోరు కట్టేసింది.

అమ్మాయీ అల్లుడుగారూ వచ్చారు. అందరం ద్వారకా తిరుమల బయలుదేరాం. "నేను నడుపుతాను నాన్నా" అంది అమ్మాయి. అల్లుడుగారు పొడగరి, ముందు కూర్చున్నారు. ఇన్నేళ్లలో మొదటిసారి నా కారులో నేను వెనుక కూర్చున్నాను. రాజమండ్రి రోడ్డు రైలు వంతెన ఎక్కగానే అతుకు అతుకుకూ నా నడుము లెక్క చెప్పింది. కిటికీ అంచు భుజం దాకా ఉంది; గోదావరి కనబడాలంటే మెడ సాచాలి. కొవ్వూరు దాటాక అమ్మాయి మలుపులను అచ్చం నాలాగే, ఆనందంగా తీసుకుంది. నాకు కడుపులో తిప్పింది. "కొంచెం నెమ్మదిగా పోనీయమ్మా" అన్నాను.

మా ఆవిడ నవ్వింది. "దారి మీకు కనిపిస్తుంది కాబట్టి మలుపు మీకు ముందే తెలుస్తుంది. మాకు వచ్చాకే తెలుస్తుందండీ" అంది.

అప్పుడు తలుపు పైనున్న పిడి చూశాను. ఆవిడ పట్టుకొని పట్టుకొని దాని గరుకంతా అరిగి నున్నబడింది. మా అమ్మ ఉన్నన్నాళ్లూ ముందు సీటు ఆమెది. ఆమె పోయాక కూడా ఈవిడ అలవాటుగా వెనుకే కూర్చుంది. కూర్చోమని నేనూ పిలవలేదు. ఇరవై ఏళ్లుగా నేను రెండర్థాలూ చదువుకుంటుంటే ఆవిడకు ఒక్క అర్థమే అందింది, అదీ నడుము నొప్పితో. నేను చదివిన చరిత్రలో కూడా స్టీరింగు పట్టినవారి మాటే తప్ప వెనుక కూర్చున్నవారి మాట ఎక్కడా తగల్లేదు.

కనుక నా వాదనే నాకు ఎదురు తిరిగింది. ఈ బండి ఒంటిబండి ఇంటికోసం పుట్టింది, నిజమే. ఆ ఇంట్లో ఉన్నది ఇప్పుడు ఇద్దరం. అందులో ఒకరికి మొదటి అర్థమే చెడ్డాక మిగిలినది ద్వ్యర్థి కాదు, నా సొంత పద్యం. సొంత పద్యానికి ఇంకొకరి నడుమును కాగితంగా వాడుకోకూడదు.

రాత్రి భోజనాల దగ్గర "నువ్వన్నట్టే అమ్మేద్దాం. ఎత్తు సీట్ల బండి చూద్దాం" అన్నాను. ఆవిడ మజ్జిగ పోస్తూ, "నిన్ననే కదా పెట్రోలు నింపించారు, అది అయ్యాక చూద్దాం లెండి" అంది. మర్నాడు బజారుకు బయలుదేరినప్పుడు ముందు తలుపు నేనే తీసి పట్టుకున్నాను.

హుషారు బండ్లు నడిపే మిత్రులు ఒక్కసారి వెనుక సీట్లో కూర్చొని రావలసిందిగా ప్రార్థన.