చోటు, బ్యాటరీ, లీజు: విద్యుత్కారు చరిత్రలో ఒక ప్రశ్న

విద్యుచ్ఛక్తితో నడచు కారును కొనక, కొన్నియేండ్లకు లీజుకు తీసికొని, గడువు తీరగానే తిరిగి అప్పగించు పద్ధతి మొన్నమొన్న బయలుదేరినదని పలువురు తలచుచున్నారు. విద్యుత్కారు ఎంత పాతదో ఆ లీజు కూడ ఇంచుమించు అంత పాతది. అది ఏల పుట్టినదో తెలిసికొన్నచో, చిన్న కారు విడిచి పెద్ద కారు ఎంచుకొనబోవు కుటుంబమునకు నిర్ణయము కొంత సులభమగును.

1897లో న్యూయార్కు నగరమున ఎలక్ట్రిక్ వెహికిల్ కంపెనీ యేర్పడినది. అది తన బండ్లను అమ్మక అద్దెకిచ్చెడిది. వానిలోని సీసపు బ్యాటరీలు మిక్కిలి బరువైనవి. వాని పోషణ గృహస్థునకు సాధ్యమయ్యెడిది కాదు. బండి స్టేషనుకు రాగానే యంత్రములతో పాత బ్యాటరీని దింపి, నిండుదానిని ఎక్కించెడివారు. 1907లో ఆ కంపెనీ దివాలా తీసినది. 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్ స్టార్టరు అమరిన పిదప, చేతితో హ్యాండిలు త్రిప్పు శ్రమ తప్పి, పెట్రోలు కారునకు ఎదురు లేకపోయినది.

దాదాపు నూరేండ్లకు, 1996లో, జనరల్ మోటార్స్ వారు కాలిఫోర్నియా, అరిజోనా రాష్ట్రములలో ఈవీ1 అను కారును విడుదల చేసిరి. అదియు లీజుకే. బ్యాటరీల బరువే అర టన్నుకు మించినది. కూర్చుండుటకు మాత్రము ఇద్దరికే చోటు. మొత్తము 1,117 కార్లు తయారయినవి. గడువు ముగిసినపుడు, మేమే కొనెదమని వేడుకొన్నవారికిని ఇవ్వక, కంపెనీ వానిని వెనుకకు తీసికొని, అధికభాగము నలగగొట్టించినది. ఎంత ముచ్చటపడి నడిపినను లీజు కారు పరుల సొత్తేయని ఆ గృహస్థులకు అపుడు తెలిసివచ్చినది.

మన హిందూపురమునకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరిలో 2001లో రేవా కారు వెలువడినది. అందు పట్టువారు ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. ఒకసారి చార్జి చేసిన సుమారు 80 కిలోమీటర్లు నడచెడిది. 2010లో ఆ సంస్థ మహీంద్రా వారి చేతికి వచ్చినది.

ఈ కార్లన్నియు ఇరుకుగా నుండుటకు కారణము ఒక్కటే. సీసపు బ్యాటరీ కిలో బరువునకు 30, 40 వాట్‌గంటల శక్తిని మాత్రమే నిలువ చేయగలదు. మనుష్యులకు చోటు పెంచిన బండి బరువు పెరుగును. బరువు పెరిగిన దూరము తరుగును. లిథియం బ్యాటరీ అంతకు నాలుగైదు రెట్లు శక్తిని దాచును. దానిని పలకవలె నేలక్రింద పరచవచ్చును గనుక పైనున్న చోటంతయు మనుష్యులకు దక్కినది.

ఆ మార్పు ఫలము మన పెనుకొండలోనే కనబడుచున్నది. తళ్లికోట యుద్ధానంతరము, 1565 పిదప, విజయనగర రాజులకు రాజధానియైన ఆ సీమలో, ఎర్రమంచి వద్ద, కియా కర్మాగారము 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించినది. 2025 జూలై 15న ఆ సంస్థ క్యారెన్స్ క్లావిస్ ఈవీ అను ఏడుగురు కూర్చుండదగిన విద్యుత్కారును విడుదల చేసినది. అది ఈ కర్మాగారమున తయారైన కారే. బ్యాటరీలు రెండు రకములు: 42, 51.4 కిలోవాట్‌గంటలు. ప్రామాణిక పరీక్షలో అవి నడచిన దూరము వరుసగా 404, 490 కిలోమీటర్లు.

అమరాపురములో ఒక కుటుంబమున్నదనుకొందము. లీజుకు తెచ్చిన చిన్న విద్యుత్కారు గడువు తీరవచ్చినది. ధర్మవరమునకు పెండ్లిచీరలకు పోవలెనన్నను, హేమావతి ఆలయమునకు పోవలెనన్నను అవ్వాతాతలలో ఒకరు ఇంట నిలిచిపోవలసి వచ్చుచున్నది. వారికి పెద్ద కారు విలాసవస్తువు కాదు. అయినను మూడు విషయములు విచారింపవలెను. ఏడుగురు ఎక్కిన పిదప సామానులకు చోటు స్వల్పము. నిండు బరువుతో, ఏసీ వేసికొని, మడకశిర మీదుగా పోవునపుడు పరీక్షలో చెప్పిన దూరము రాదు; బెంగుళూరు వెళ్లి వచ్చు దూరమును ముందుగా లెక్కించుకొనవలెను. ఇంటివద్ద చార్జి చేయుటకు తగిన కరెంటు కనెక్షను ఉండవలెను.

మరల లీజా, సొంతమా? బ్యాటరీ చెడునను భయము వలననే ఆనాడు లీజు పుట్టినది. ఈనాడు సంస్థలు బ్యాటరీకి సాధారణముగా ఎనిమిదేండ్ల హామీ నిచ్చుచున్నవి. రెండు మూడేండ్లలో ఉద్యోగరీత్యా ఊరు మారువారికి, లేదా ఇంకను మెరుగైన బ్యాటరీకై వేచియుండువారికి లీజు మేలు. లీజు కారు ఏడాదికి ఇన్ని కిలోమీటర్లే నడువవలెనను నియమముండును. మించిన అదనపు సొమ్ము చెల్లింపవలెను. ఇంటిల్లిపాదితో ఎక్కువగా తిరుగుచు, ఎనిమిదేండ్లు ఒకే ఊర నిలుచు కుటుంబమునకు సొంత కారే లాభమని మా అభిప్రాయము. నెలవాయిదా కాగితముపై సంతకము చేయుటకు ముందు, ఇంటి పెద్దలను కూడ వెంటబెట్టుకొని పోయి, మూడవ వరుసలో కూర్చుండబెట్టి చూడుడు. అచట మోకాళ్లు ముడుచుకొనక కూర్చుండగలిగిననే ఆ కారు ఆ యింటికి తగినది.