సొంత కారు మరమ్మతుల చిట్టా: ఒక అలవాటు చరిత్ర

ప్రభుత్వం రాయించిన కాగితాలకూ, యజమాని తనంతట తాను రాసుకున్న కాగితాలకూ ఉన్న తేడాను గుర్తిస్తేనే సొంత కారు మరమ్మతుల చిట్టా చరిత్ర బోధపడుతుంది. బ్రిటన్‌లో 1903 నాటి మోటారు కార్ల చట్టం బండికి నంబరును తప్పనిసరి చేసింది. 1920 నాటి రోడ్ల చట్టం తర్వాత ప్రతి వాహనానికీ ఒక రిజిస్ట్రేషన్ పుస్తకం ఏర్పడి, బండి చేతులు మారినప్పుడల్లా కొత్త యజమాని పేరు అందులోకి ఎక్కసాగింది. భారతదేశంలో 1914, 1939 సంవత్సరాల మోటారు వాహనాల చట్టాలు కూడా ఇంచుమించు ఈ దారినే నడిచాయి. జనం ఆర్.సి. బుక్కు అని పిలుచుకునే పత్రం బండి ఎవరిదో, దాని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఏమిటో చెబుతుందే గాని, ఆ ఇంజనును ఎప్పుడు విప్పారో, ఎందుకు విప్పవలసి వచ్చిందో చెప్పదు. కిరాయికి తిరిగే బస్సులు, లారీలు, టాక్సీలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే బండి రోడ్డు మీద తిరగదగిన స్థితిలో ఉందని అధికారి పరీక్షించి ఇచ్చే పత్రం, తప్పనిసరి కాగా, సొంత కారుకు ఆ నిర్బంధం లేకపోయింది. 1988 నాటి చట్టం సైతం సొంత కారు రిజిస్ట్రేషనుకు 15 ఏళ్ల గడువిచ్చి, పొగ పరీక్షను మినహాయిస్తే, ఆ మధ్యకాలపు బాగోగులను యజమానికే వదిలివేసింది.

చట్టం అడగని లెక్కను యంత్రమే అడిగింది. 1908లో వెలువడిన ఫోర్డ్ మోడల్ టీ కారు యజమానులకు కంపెనీ ఇచ్చిన పుస్తకం, కొత్త బండి 400 మైళ్లు తిరిగాక ఇంజనులోని పాత ఆయిలును తీసివేయాలనీ, ఆపైన సుమారు 750 మైళ్లకొకసారి అదే పని చేయాలనీ సూచించింది. గడువును రోజుల్లో కాక తిరిగిన దూరంలో చెప్పినప్పుడు, కిందటిసారి ఎంత దూరం మీద ఆయిలు మార్చారో ఎక్కడో ఒకచోట రాసి ఉండక తప్పదు. తేదీ, మీటరు రీడింగు, చేయించిన పని, అయిన ఖర్చు అనే నాలుగు గళ్ల పద్ధతి ఈ అవసరానికి సరిగ్గా అమరింది.

ఈ అలవాటుకు మన దేశంలో అసలైన విలువ ఏర్పడింది అంబాసిడర్, ఫియట్ కార్ల కాలంలోనే. కొత్త కారు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడవలసిన ఆ లైసెన్సుల యుగంలో, ఉన్న కారునే మళ్లీ మళ్లీ బాగుచేయించుకుంటూ దశాబ్దాల పాటు నడపడం తప్ప మధ్యతరగతి కుటుంబానికి వేరే దారి లేదు. గ్రీజు కొట్టించడం, పాయింట్లు సరిచేయించడం, ట్యాపెట్లు సెట్ చేయించడం వంటి చిన్న పనుల సంగతి అటుంచితే, చిట్టా లేనిదే సాగని పని రీబోరు. పిస్టను ఆడే సిలిండరు లోపలి గోడ అరిగినప్పుడు దాన్ని యంత్రంతో సమంగా తొలిచి, పెరిగిన వెడల్పుకు సరిపడే పెద్ద పిస్టను వేయడాన్నే రీబోరు అంటారు. అంగుళంలో వెయ్యో వంతు ప్రమాణంగా 20, 40, 60 అనే సైజులు దీనికి వాడుకలో ఉండేవి. ఇంజను ప్రస్తుతం ఏ సైజులో ఉందో, క్రాంక్‌షాఫ్టును సానబట్టినప్పుడు ఏ సైజు బేరింగులు వేశారో రాసిపెట్టుకోని యజమానికి, ఇంజను విప్పి కొలిస్తే తప్ప ఏ సామాను కొనాలో తెలిసేది కాదు. డాష్‌బోర్డు అరలో ఉండే పాత డైరీ, ఈ విధంగా, ఆ ఇంజనులో ఇంకెంత ప్రాణం మిగిలి ఉందో చెప్పగల ఏకైక పత్రమైంది.

మీటరు కూడా పూర్తిగా నమ్మదగినది కాదు. గేరుబాక్సు నుంచి వచ్చే కేబులు తెగితే అది నిలిచిపోయేది. తెగకపోయినా, అయిదంకెల మీటరు 99,999 దాటగానే తిరిగి సున్నాలకు చేరేది. 1956 నాటి చట్టంతో దేశం మెట్రిక్ కొలతలకు మారినా, పాత బండ్ల మీటర్లు మైళ్లలోనే తిరుగుతూ ఉండడంతో, ఆ చిట్టాలను చదివేటప్పుడు అంకె ఏ కొలతలో ఉందో ముందుగా తేల్చుకోవలసి వస్తుంది. అమ్మకానికి ముందు మీటరును వెనక్కి తిప్పే మోసం అన్ని దేశాల్లోనూ ఉన్నదే. అమెరికా 1972లో దాన్ని సమాఖ్య చట్టంతో నిషేధించి, తిరిగిన దూరాన్ని అమ్మేవారు రాతపూర్వకంగా తెలపాలని నిర్దేశించింది. చేతిరాత చిట్టా ఈ మోసానికి ఎంతో కొంత అడ్డు, ఎందుకంటే ఏళ్ల తరబడి క్రమంగా పెరుగుతూ వచ్చిన అంకెలను ఒక్కరోజులో కల్పించడం సులభం కాదు.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కిన తర్వాత చిట్టా క్రమంగా యజమాని చేతి నుంచి కంపెనీ చేతికి మారింది. ఉచిత సర్వీసు కూపన్లు, అధీకృత వర్క్‌షాపు ముద్ర వేసే సర్వీసు పుస్తకం, ఆ ముద్రలతో ముడిపడిన వారంటీ సామాన్యమయ్యాయి. తర్వాత ఆ పుస్తకం స్థానంలోకి కంప్యూటరు వచ్చింది. దీనివల్ల లెక్క శుభ్రంగా ఉంటున్న మాట నిజమే అయినా, అందులో ఒక పెద్ద ఖాళీ ఉంది. వారంటీ ముగిశాక ఎన్నో కార్లు వీధి చివరి మెకానిక్ షెడ్డుకు చేరతాయి, అక్కడ జరిగే పని కంపెనీ లెక్కలోకి ఎక్కదు. ముందస్తు హెచ్చరిక లేకుండానే తెగి, కొన్ని ఇంజన్లలో వాల్వులను సైతం వంచివేయగల టైమింగు బెల్టును షెడ్డులో ఎన్ని కిలోమీటర్ల మీద మార్చారో తెలియాలంటే, నేటికీ యజమాని దాచుకున్న బిల్లో, రాసుకున్న చిట్టానో చూడవలసిందే.